గంగ అవతలి చుట్టాలు

గోదావరి తల్లీ, త్ర్యంబకం కొండల నుంచి సముద్రం దాకా నీ నడక 1465 కిలోమీటర్లు. అందులో బాసర నుంచి కాళేశ్వరం దాకా నీ వెంట వచ్చాను. కొంత దూరం బస్సులో, కొంత రైల్లో, ఒడ్డున దారి దొరికిన చోట కాలినడకన, చివరికి త్రివేణి సంగమంలో ఒక మరపడవ మీద. ప్రయాణం ముగిసిన చోట నిలబడి నీకు చెప్పుకోవలసిన మాట ఒకటుంది. పటాలు గీసిన వాళ్లందరూ నిన్ను హద్దుగానే గీశారు. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా ఇక్కడితో సరి, అవతల ఆదిలాబాద్. తెలంగాణ ఇక్కడితో సరి, అవతల మహారాష్ట్ర. నిన్ను గంగ అని పిలుచుకుంటూ నీ నీళ్లు తాగి పెరిగిన జనం ఆ గీతను ఏనాడూ లెక్కచేయలేదు. "పెద్దపిల్లను గంగ అవతల ఇచ్చినం" అంటారు. "గంగ అవతలి చుట్టాలొచ్చిండ్రు, ఇంత ఎసట్ల పొయ్యి" అంటారు. ఆ మాటలు అనేటప్పుడు వాళ్ల మొహాల్లో కనిపించే ధీమాను ధర్మపురి అరుగుల మీద చూశాను, లక్షెట్టిపేట బస్టాండులో చూశాను, మంథని సందుల్లో చూశాను. ఆ ధీమాకు నమస్కరించడానికే ఈ నాలుగు మాటలు.

కాళేశ్వరం ఘాటులో పడవ ఎక్కేటప్పుడు నాతోపాటు ఒక పెద్దమ్మ ఎక్కింది. ఒళ్లో కొత్తగుడ్డ మూట. ముడి సందులోంచి పసుపు అంటిన బియ్యపు గింజలు రెండు మూడు బయటికి చూస్తున్నాయి. పుట్టింటివాళ్లు పోసిన ఒడిబియ్యం అది. వాటిని తీసుకుని అత్తగారి ఊరికి, అవతల సిరొంచ వైపు పోతోంది. ఇప్పుడు వంతెన ఉంది. బస్సులు, ఆటోలు దాని మీదుగానే పోతాయి, పడవలవాళ్లకు సంగమం చూడవచ్చే యాత్రికులే ఆధారం. అయినా సంగమంలో మునగకుండా పుట్టింటి గడప దాటిపోవడం ఆమెకు మనసొప్పలేదు.

"వంతెన మీదికెళ్లి పోతే గంగ కాళ్ల కింద ఉంటది గని చేతికందదు గద బిడ్డా" అంది, నేను అడగకముందే.

నడి సంగమంలో పడవ నడిపే గంగపుత్రుడు ఇంజను ఆపాడు. ఆ చప్పుడు ఆగగానే నీళ్ల సడి ఎంత పెద్దదో తెలిసింది. "గీడ సూడుండ్రి, గిటు గోదారి, గటు పానీత" అని తెడ్డుతో చూపించాడు. వార్ధా, వైన్‌గంగ కలిసి ఏర్పడిన ప్రాణహిత అడవుల నీళ్లన్నీ వెంటబెట్టుకుని నీలోకి వస్తుంది. నీ ఉపనదులన్నింటిలోకీ పెద్దది అదే. రెండు రంగుల నూలు పక్కపక్కన నేసిన చీరలా రెండు నీళ్లూ కొంత దూరం ఒకదాన్నొకటి ఆనుకుని సాగాయి. ఆ తర్వాత ఎంత చూసినా ఏది ఏదో చెప్పలేకపోయాను. మూడోది కంటికి కనబడదు, సరస్వతి, అంతర్వాహిని. పెద్దమ్మ మూట ముడి కొంచెం వదులు చేసి, పిడికెడు పసుపు బియ్యం తీసి, పడవ అంచు మీదుగా వంగింది. "నీ ఒళ్లె గూడ పోస్తున్న తల్లీ, సల్లగ సూడు" అంది. గింజలు కాసేపు తేలి, ఒక్కొక్కటే మునిగాయి.

మనుషులు నదికి ఒడిబియ్యం పోసే చోటు ఇది. ఈ చోటును దాటి పొగ ఓడలు నడవాలని ఒకప్పుడు కొందరు పట్టుబట్టారు. ఆ కథ కాళేశ్వరం గుడిమెట్ల మీద ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన కథ, ఎందుకంటే ఆ అవతలి ఒడ్డు పరాయిదైంది ఆ ఓడల కోసమే.

ధవళేశ్వరం దగ్గర నీకు ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ అక్కడితో ఆగలేదు. 1852లో ఆ కట్ట పూర్తయ్యింది. 1853లో బేరారు నైజాం చేతిలోంచి ఈస్టిండియా కంపెనీ చేతిలోకి పోయింది. బేరారు నల్లరేగడిలో పండే పత్తిని ఎద్దుబండ్ల మీద పడమటి కనుమలు దాటించి బొంబాయికి తోలడం కంటే, ప్రాణహిత మీదుగా నీలోకి దింపి, నీ మీదుగా తూర్పు సముద్రానికి చేర్చడం మేలని ఆయన వాదం. దారిలో అడ్డం నువ్వు పెట్టుకున్న బండరాళ్లే. మూడు చోట్ల నీటి కింద రాతి మెట్లు నావలను ఆపేస్తాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర. రెండోది ఇంద్రావతి నీలో కలిసే ప్రాంతంలో, ఇచ్చంపల్లి దగ్గర. మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర. ఆ మూడు చోట్ల కాలువలు తవ్వి, లాకులు కట్టి, నావలను మెట్టు మెట్టుగా పైకెత్తాలని పథకం. ఆ పని చూడ్డానికి వచ్చిన ఇంజనీరు హేగ్. అమెరికాలో 1861లో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోయేసరికి లాంకషైర్ మిల్లుల మగ్గాలు మూలబడ్డాయి. అంత దూరపు ఆకలికి మందు నీ నీళ్ల మీదే వెతికారు.

ఓడలకు అడ్డు చెప్పేవాడు ఒడ్డున ఉండకూడదు కదా. 1860 డిసెంబరు ఒడంబడికలో నైజాం నీ ఎడమ ఒడ్డున ఉన్న సిరొంచ, నూగూరు, ఆల్బాక, చెర్ల, భద్రాచలం, రేకపల్లి తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేశాడు. నీ మీద పోయే సరుకుకు సుంకం ఉండదని కూడా అందులోనే రాసుకున్నారు. సిరొంచ ఒక కొత్త జిల్లాకు కేంద్రమైంది. అప్పటిదాకా రెండు ఒడ్లూ ఒకే పాలన కింద ఉండేవి. ఆ ఒడంబడికతో అవతలి ఒడ్డు పరాయి సర్కారుదైంది.

తర్వాత ఏమైందో నీకు తెలుసు. వేసవిలో నీ పడక ఎండి ఇసుక మేటలు తేలాయి. వానాకాలంలో పనివాళ్లు నిలబడలేనంత వరద తెచ్చావు. జ్వరాలు పట్టుకున్నాయి. ఈలోగా 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది, పత్తి ఆ దారి పట్టింది. 1871లో పని ఆపేశారు. దుమ్ముగూడెం కాలువ మిగిలింది, ఇచ్చంపల్లి అసంపూర్తిగా మిగిలిపోయింది. కాటన్ మీద నాకు కోపం లేదు. కింది గోదావరి జిల్లాల్లో ఆయనకు ఇంటింటా దండం పెడతారు, ఆ దండం న్యాయమైనదే. మా ఎగువకు ఆ కల నుంచి ఓడ రాలేదు, సరిహద్దు మాత్రం వచ్చి కూర్చుంది. నైజాం పోయాడు, ఇంగ్లీషువాడు పోయాడు. 1956లో భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు వచ్చినప్పుడు కూడా తెలుగు మాట్లాడే సిరొంచ అవతలే ఉండిపోయింది. 1960 నుంచి అది మహారాష్ట్ర, 1982 నుంచి గడ్చిరోలి జిల్లా.

తల్లీ, నూట అరవై ఏళ్లకు పైబడిన ఆ సరిహద్దును పిడికెడు బియ్యం దాటడం నేను కళ్లారా చూశాను. ఆ పెద్దమ్మ మనవలు బడిలో మరాఠీ చదువుతారు. ఇంట్లో అమ్మమ్మా అని తెలుగులో పిలుస్తారు. పండుగకు ఇటు వస్తారు, పెళ్లికి అటు పోతారు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు వచ్చినప్పుడు రెండు ఒడ్లా ఒకే వేళ జనం దిగారు. అవతల మునిగినవాళ్లూ ఇవతల మునిగినవాళ్లూ ఒకే నీళ్లు నెత్తిన పోసుకున్నారు. ఏ ఒడంబడికలోనూ రాయని సంబంధం ఇది, రద్దు చేయడానికి ఏ సర్కారు చేతా కాదు.

నీ ఒళ్లో సంబంధాల ఆనవాళ్లు ఎంత పాతవో కోటిలింగాలలో తెలిసింది. పెద్దవాగు నీలో కలిసే ఆ ఊళ్లో, వరద మట్టిని కోసినప్పుడల్లా నాణేలు బయటపడుతూ వచ్చాయి. చిముకుడి పేరున్నవి, శాతకర్ణి పేరున్నవి, వాళ్లకన్నా ముందటి గోబద, సమగోపల పేర్లున్నవి. బ్రాహ్మీ అక్షరాలు, ప్రాకృతం మాటలు. శాతవాహనుల తొలి అడుగులు ఈ గడ్డ మీదే పడ్డాయని తెలుగువాళ్లు ఛాతీ విరుచుకుని చెప్పుకోగలుగుతున్నది ఆ చిన్ని లోహపు బిళ్లల వల్లే. ఒక నాణెం అంటేనే ఇద్దరి మధ్య నమ్మకం. ఇచ్చేవాడు ఒకడు, పుచ్చుకునేవాడు ఇంకొకడు, మధ్యలో ఎవరిదో పేరు పూచీ. రెండు వేల ఏళ్లకు పైగా ఆ పూచీని మట్టి కింద నువ్వు భద్రంగా దాచావు.

జనం ఇప్పటికీ నీకు నాణేలు అప్పగిస్తూనే ఉన్నారు. రామగుండం దాటి మంచిర్యాల వైపు రైలు నీ వంతెన ఎక్కగానే పెట్టెలో మాటలు ఆగుతాయి. 1929లో కాజీపేట బల్లార్షా లైను పూర్తయిన నాటి నుంచి మద్రాసూ ఢిల్లీ కలిసింది ఈ వంతెన మీదే. నా ఎదురు సీట్లో కూచున్న కుర్రాడు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, తమిళుడో మలయాళీయో తెలియదు, పక్కన ముసలాయన కిటికీ ఊచల్లోంచి రూపాయి విసరడం చూశాడు. తనూ జేబు తడుముకున్నాడు. చిల్లర లేదు. ముసలాయన ఇంకో రూపాయి తీసి అతని అరచేతిలో పెట్టాడు. కుర్రాడు విసిరాడు, రైలు ఇనుప కమ్ముల మధ్య దడదడమంటూ పోతూనే ఉంది, నాణెం ఎక్కడ పడిందో ఇద్దరికీ కనబడలేదు. ఇద్దరూ ఒకేసారి చేతులు జోడించారు. అవతలి ఒడ్డు దాకా వాళ్లు ఒక ఇంటివాళ్లు. బాసర వంతెన కింద పిల్లలు దారానికి అయస్కాంతం కట్టి ఆ రూపాయలను ఏరుకుంటారు. ఏరుకోనీ తల్లీ. నీకిచ్చింది నీ పిల్లలకు చేరితే తప్పేముంది.

బాదన్‌కుర్తిలో ఆగాను. నువ్వు రెండు పాయలై చుట్టి ముద్దాడే లంక అది, ఖానాపూర్ పక్కన. బౌద్ధుల సుత్తనిపాతంలో నీ ఒడ్డున అశ్మక దేశంలో ఆశ్రమం కట్టుకున్న బావరి అనే వృద్ధుడి కథ ఉంది. ఆ ఆశ్రమం ఇక్కడే అని మన చరిత్రకారులు కొందరు చెబుతారు. ఉత్తరాన ఒకాయనకు జ్ఞానోదయమైందని విని బావరి తన పదహారుమంది శిష్యులను పంపించాడు. తాను నడవలేనంత ముసలివాడు. శిష్యులు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కోశాంబి దాటుకుంటూ మగధ దాకా నడిచి బుద్ధుడిని కలిశారు. ఒక్కొక్కరు ఒక్కొక్క ప్రశ్న అడిగారు. ఆ పదహారుమందిలో పింగియుడు తిరిగి వచ్చాడు. బావరికి మేనల్లుడట. విన్నదంతా మామకు చెప్పాలి కదా. అందుకే వచ్చాడు. ఇంతటి మహా కథలోనూ వార్త మోసుకొచ్చింది మేనల్లుడే. మా పల్లెల్లో ఏ కబురైనా ఈ రోజుకీ అలాగే చేరుతుంది.

ధర్మపురి గురించి ఎక్కువ చెప్పను, ధర్మపురికి పోతే యమపురి ఉండదని లోకమంతా చెబుతూనే ఉంది. నరసింహస్వామి గుడి ఆవరణలోనే యముడికీ గుడి ఉంది. నీ రేవులో అస్థికలు కలిపినవాళ్లు గట్టెక్కి, తడిబట్టలతో, ఎవరో తెలియని ఇంకో ఇంటివాళ్ల పక్కన కూచుంటారు. "మీదేవూరు" అంటూ మొదలవుతుంది. మాట మాట కలిసి, రెండు ఇళ్ల దుఃఖం కాసేపు ఒకటవుతుంది. కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, కాలుడొకడు, ముక్తినిచ్చేవాడొకడు. ముక్తేశ్వరుడి లింగానికున్న రంధ్రాల్లో పోసిన నీళ్లు భూమి లోపలి నుంచి వచ్చి సంగమంలో కలుస్తాయని పూజారులు చెబుతారు. చావునూ ముక్తినీ విడదీయని దేవుళ్లు, గుడినీ నదినీ విడదీయని జనం.

నీకు మేం చేసిన గాయాలను దాచి పొగడడం నాకు చేతకాదు. 1963 జులై 26న నెహ్రూ పోచంపాడులో శ్రీరాంసాగర్ జలాశయానికి శంకుస్థాపన చేశాడు. శ్రీరాంసాగర్ కాలువలు కరీంనగర్ బీళ్లను పచ్చని పొలాలు చేశాయి. ఆ పచ్చదనం కింద మునిగిన ఊళ్లున్నాయి. ఎల్లంపల్లి జలాశయం నిండినప్పుడు ఇవతల కరీంనగర్ ఊళ్లూ మునిగాయి, అవతల ఆదిలాబాద్ ఊళ్లూ మునిగాయి. ఎదురెదురు రేవుల్లో తరతరాలుగా పడవ కట్టుకున్నవాళ్లు వేరువేరు కాలనీలకు చెదిరిపోయారు. ఇప్పుడు వాళ్లు పెళ్లి పత్రికల మీద పాత ఊరి పేరే ఇంటిపేరులా రాసుకుంటారు. 2019 జూన్ 21న కాళేశ్వరం ఎత్తిపోతలు మొదలై, ప్రాణహిత కలిసిన చోటు దిగువ నుంచి నీ నీళ్లను అన్నారం, సుందిళ్ల మీదుగా ఎల్లంపల్లి వైపు వెనక్కి మళ్లించారు. 2023 అక్టోబరులో ఆ పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగాయి. నీ పేరుతోనే ఒక పట్టణం ఉంది, గోదావరిఖని. ఆ ఊరి బొగ్గు దేశానికి దీపమైంది. ఆ దీపాల కోసం చీకట్లోకి దిగినవాళ్లు షిఫ్టు ముగించి బయటికి రాగానే వెతుక్కునేది నీ గాలినే. నీ దగ్గర ఇంత తీసుకున్నాం. తీసుకున్నవాళ్లం కనుక నీకు బాకీ ఉన్నాం, చుట్టరికంలో బాకీ ఉన్నట్టే.

ఇక నా మనసు ఆగిపోయింది హస్తినమడుగు దగ్గర.

జన్నారం మండలం కలమడుగు పక్కన నీలో ఒక లోతైన మడుగు అది. ఇంద్రవెల్లి అడవుల్లోని కేస్లాపూర్‌లో నాగోబా కొలువున్నాడు, మెస్రం వంశపు గోండుల దేవుడు. పుష్యమాసంలో మెస్రం పెద్దలు తెల్లని పంచెలు కట్టి, తెల్లని తలపాగాలు చుట్టి, చెప్పులు విడిచి కేస్లాపూర్ నుంచి బయలుదేరుతారు. గుట్టలు, వాగులు, పత్తిచేలు, కందిచేలు. దారి పొడవునా ఊళ్లవాళ్లు కాళ్లు కడిగి, విడిది ఇచ్చి, అన్నం పెడతారు. అలా రోజుల తరబడి నడిచి నీ దగ్గరికి వస్తారు. మడుగులో దిగి, నీకు మొక్కి, ఒక కలశంలో నిన్ను నింపుకుంటారు. ఆ కలశం తెల్లని గుడ్డలో చుట్టుకుని మళ్లీ అదే నడక. సిరికొండ కుమ్మరులు నాగోబా జాతర కోసమే కుండలు చేసిపెడతారు, తరాల నుంచీ ఆ పని ఆ ఊరిదే. గోండుల దేవుడి కుండ కుమ్మరి చేతిలో పుడుతుంది, నీళ్లు గంగపుత్రుల రేవు నుంచి వస్తాయి.

పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతో నాగోబాకు అభిషేకం జరుగుతుంది. మర్రిచెట్ల కింద పొయ్యిలు వెలుగుతాయి, డోలు, కాలికోమ్ మోగుతాయి, పర్ధానులు వంశగాథ పాడతారు. ఆ తర్వాత ఆ ఏడు ఆ వంశంలోకి వచ్చిన కొత్త కోడళ్లు తెల్లని చీరలు కట్టుకుని, తలల మీద ముసుగులు వేసుకుని దేవుడి ముందుకు వస్తారు. బేటింగ్ అంటారు ఆ కార్యాన్ని. దేవుడికి వాళ్లను చూపిస్తారు. పెద్దల కాళ్లకు మొక్కిస్తారు. అది అయ్యాకే ఆ పిల్ల మెస్రం ఇంటి మనిషి, దేవుడి పూజలో చోటున్న మనిషి. ఎక్కడో పుట్టి పెరిగిన పిల్ల ఆ రాత్రి ఒక వంశానికి కోడలవుతుంది, నువ్వు ఆ కొండల్లోకి ఒక్క చుక్కా పారకపోయినా కలశంలో వచ్చి పక్కన ఉంటావు.

తెల్లదొరలు ఎంత డబ్బు పోసినా నిన్ను తమ దారిన నడిపించలేకపోయారు. చెప్పులు విడిచిన మనుషులు అడిగితే చిన్న కలశంలో ఒదిగి అడవుల్లోకి పోతావు. నీ స్వభావం అర్థమైనట్టే ఉంది తల్లీ, పూర్తిగా కాదు.

ఇన్నాళ్లూ నువ్వు పారే దిక్కుకే వచ్చాను. రాబోయే పుష్యమాసంలో నీ నీళ్ల వెంట ఎదురు దిక్కుకు, హస్తినమడుగు నుంచి కేస్లాపూర్ దాకా నడవాలని ఉంది. మెస్రం పెద్దలను అడగాలి. వెనకాల దూరంగా నడుస్తాను, కలశం జోలికి రాను, పెట్టింది తింటాను అని చెప్పుకుంటాను. సరే అంటే నీ రేవులోనే చెప్పులు విడిచి బయలుదేరతాను.